నాన్న విన్న శోకం పాట

కిందటి వానాకాలం బచేలిలో, మా గనుల కంపెనీ క్వార్టర్‌లో జరిగిందిది. చాలా ఏళ్లు బాసగూడ వైపు బస్సు నడిపిన మా నాన్న, రిటైరయ్యాక మా దగ్గరే ఉంటున్నాడు. ఒక రోజు ఓ స్థానిక పత్రికలో నాన్న పేరే ఉన్న మరొకాయన మరణవార్త వచ్చింది. అచ్చులో ఫొటో సరిగ్గానే వేశారు. ఆన్‌లైన్‌లో మాత్రం, నాన్న రిటైరైనప్పుడు వేసిన ఫొటో పెట్టేశారు.

మధ్యాహ్నం అది చూసి పత్రికవాళ్లకు ఫోన్ చేస్తుండగానే గేటు ముందు జీపు ఆగింది. ఆ ఫొటో చూసి నాన్నే పోయాడనుకుని వచ్చిన బాసగూడ రైతు కుటుంబాలవాళ్లు దిగారు. వాళ్లలో పెద్దావిడ జోగమ్మ నేలమీద కూలబడి శోకం ఎత్తుకుంది.

"పొంగే వాగుల నన్ను వీపున మోసినవు తమ్ముడా, నా కడుపుల బిడ్డను బతికించినవు తమ్ముడా..."

 నాన్న ఈ సంగతి మాకెప్పుడూ చెప్పలేదు.

అంతలో ఆయనే లుంగీతో బయటికొచ్చాడు.  జోగమ్మ తడబడుతూ వెళ్లి ఆయన బుగ్గలు తడిమింది.

"ఏంది తమ్ముడా, బతికే ఉన్నవా!" అంటూ ఏడుస్తూనే నవ్వింది.

నాన్న ఆమె పక్కనే కూర్చున్నాడు. "ఆపకక్కా. మొత్తం పాడు, వింటాను."

ఆమె చివరిదాకా పాడింది. ఆయన తల వంచుకుని విన్నాడు. 

సాయంత్రానికి ఫొటో మార్చారు. జీపెక్కుతూ జోగమ్మ అంది: "నీకన్న ముందు నేనే పోత గదా. నీ పాట నీకే పాడేసిన, మంచిగైంది."

ఆ పొరపాటు చేసినవాళ్లమీద నాకిప్పుడు కోపం లేదు. ఒకే ఇంట్లో ఉంటూ కూడా నాన్న ఎంతటి మనిషో నేను ఆ రోజే తెలుసుకున్నాను.