బర్క్ ఎడమకాలు

నా చిన్నప్పుడు రాసిన మొదటి డైరీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మొదటి పేజీలో ఇలా ఉంటుంది:

డిసెంబరు, గురువారం ఉదయం. ఫింటాస్, సముద్రపు ఒడ్డు. ఉన్నవాళ్లు: పెద్దనాయన, వంట అక్క, బర్క్. గోడ దగ్గర నుంచి పడవ దాకా ఆరుసార్లు. బర్క్ కుంటుతున్నాడు.

ఇదంతా పెన్సిలుతో రాసింది. 'ఉన్నవాళ్లు' పక్కన మాత్రం ఎర్ర సిరాతో ఇంకో మాట ఇరికించి ఉంటుంది: నేను. ఆ మాట వారం తర్వాత చేర్చాను. అలా ఎందుకు చేర్చవలసి వచ్చిందో చెప్పాలంటే బర్క్ సంగతి చెప్పాలి.

అప్పుడు నాకు పదేళ్లు. మా నాన్న కువైట్‌లోని సబ్హాన్‌లో ఒక వర్క్‌షాపులో పని చేసేవాడు. ఆయన అన్న, మా పెద్దనాయన, ఫింటాస్‌లో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. ఇంటి యజమానిని పనివాళ్లందరూ 'బాబా' అనేవారు. ఆ ఇంటి వెనక రెండు గదుల్లో మేమందరం ఉండేవాళ్లం. మాది రాయచోటి వైపు. వంట చేసే అక్కది కోనసీమ. వెనక గేటు తీస్తే ఇసుక, ఇసుక దాటితే సముద్రం.

బర్క్ బాబా వేటకుక్క. తుపాకీకి పడిన పక్షి ఎక్కడ పడిందో వెతికి, పన్ను దిగకుండా నోట పట్టుకుని తెచ్చే జాతి. ఒళ్లంతా తెలుపు, చెవులు మాత్రం కాఫీ రంగు. ఏడాది కూడా నిండలేదు. అరబీలో బర్క్ అంటే మెరుపట. ఆ మెరుపే వాడి కొంప ముంచింది. ఎడారిలో నేర్పుతుండగా పక్షిని చూసి, పోతున్న పికప్ మీద నుంచి దూకాడు. ఎడమ ముందుకాలు విరిగింది.

కట్టు విప్పాక పశువుల డాక్టరు ఎముక బాగా అతుక్కుందని చెప్పాడు. రోజూ కొద్దికొద్దిగా నడిపించాలి, దూకనివ్వకూడదు, పరుగెత్తనివ్వకూడదు అన్నాడు. ఆ పని పెద్దనాయన మీద పడింది. ఆయన కుక్కను తాడు పొట్టిగా పట్టుకుని, నీటి అంచున తడి ఇసుక మీద, పెళ్లి ఊరేగింపంత నిదానంగా నడిపించేవాడు. వేగం పెంచితే కుక్క మూడు కాళ్లతోనే నెట్టుకొస్తుందట. నిదానంగా నడిపిస్తేనే నాలుగోది మోపక తప్పదట. ఒక్కో విడతకు ఒక్కో ఖర్జూరపు గింజ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మార్చేవాడు. పెద్దనాయనకు సంతకం తప్ప చదువు రాదు, కానీ లెక్క ఎప్పుడూ తప్పేవాడు కాదు. నడక అయ్యాక ఇసుక నింపిన పాత మేజోడుకు పావురం ఈకలు కట్టి, పది అడుగుల దూరంలో పెట్టి, వాడి చేత నడిపించి తెప్పించేవాడు. వేటలో తన పని వాడు మరిచిపోకుండా ఇలా చేసేవాడు.

నడుపుతున్న కొద్దీ కుంటు తగ్గాలి. తగ్గలేదు. మా చలికాలం సెలవులు మొదలైన రోజు బాబా వెనక గేటు దగ్గర నిలబడి చూశాడు. బర్క్ ఎడమకాలు గాల్లో పెట్టి మూడు కాళ్లతో గెంతుతూ వచ్చాడు. బాబా కోపిష్టి మనిషి కాదు. అయినా ఆయనకు వేట కావాలి, చలికాలంలో ఎడారిలో శిబిరం వేసేది అందుకే. ఎడారిలో తెలిసినవాళ్ల గొర్రెల దొడ్డి ఉంది, అక్కడ కాపలాకు వీణ్ని గొలుసు వేసి కట్టేస్తారని పెద్దనాయనతో హిందీలో చెప్పాడు.

"రెండు వారాలు. అప్పటికీ ఇలాగే ఉంటే ఖలాస్," అని లోపలికి వెళ్లిపోయాడు.

గొలుసు అన్న మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. పెద్దనాయన ఏడవొద్దని అనలేదు. కారులోంచి ఏదో దుకాణం వాళ్లిచ్చిన ఖాళీ డైరీ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"పాపా, నాకు రాసేదానికి రాదు. దినామూ వీడు ఎట్ల నడిచినాడో నువ్వు రాయి. ఎప్పుడు, యాడ, ఎవరెవరుండారు, కుంటినాడా లేదా. ఉండేది ఉన్నట్ల రాయాల. బాబాకు సూపిద్దాం."

అంత పెద్ద పని నాకెవరూ అంతకుముందు అప్పగించలేదు. ఉదయం నడక నేను కళ్లారా చూసి రాసేదాన్ని. సాయంత్రం నడక వేళకు పక్క వీధిలో లెక్కల ట్యూషనుకు వెళ్లేదాన్ని కాబట్టి, వచ్చాక పెద్దనాయన చెబితే రాసేదాన్ని. వంట అక్క రెండు పూటలా వెనక గట్టు మీదే ఉండేది. పొద్దున చేపలు బాగుచేసేది, సాయంత్రం ఆకుకూర గిల్లేది.

డైరీలో రాయని పని ఇంకొకటి నేను చేసేదాన్ని. గౌను జేబులో ఉడికించిన కోడి కార్జం ముక్కలు పెట్టుకుని వెళ్లేదాన్ని. వాడు కాలెత్తి దీనంగా నా వైపు చూస్తే ప్రాణం ఉసూరుమనేది. పరుగెత్తి వెళ్లి తల నిమిరి ఒక ముక్క నోట్లో పెట్టేదాన్ని. అక్క చూసి నవ్వేది.

"ఆయ్! ఆ కుక్క కాలు బాగుపడిద్దో లేదో గానండి, నా గిన్నెలో కార్జం మాత్రం మిగలట్లేదండి అన్నయ్యగారూ. మీ పిల్ల కోడిని కూడా అడిగేలా ఉందండి బాబూ!"

 పెద్దనాయన గింజను ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చేవాడు, అంతే.

వారం గడిచింది. బుధవారం ఉదయం నడక అయ్యాక డైరీ చదవమన్నాడు. గట్టు మీద కూర్చుని గట్టిగా చదివాను. ఉదయం, కుంటుతున్నాడు. సాయంత్రం, కుంటలేదు. ఉదయం, కుంటుతున్నాడు. సాయంత్రం, కుంటలేదు. వారమంతా ఇదే వరస. రాసేటప్పుడు ఏ పూటకు ఆ పూటే రాశాను. ఒకచోట చదువుతుంటే వింతగా అనిపించింది.

"రాత్రంతా పడుకుంటే కాలు బిగుసుకుంటుందేమో పెద్దనాయనా," అన్నాను.

"కావొచ్చు. పొద్దున ఎవరెవరుండారో అది గూడా సదువు."

"పెద్దనాయన, వంట అక్క, బర్క్."

"మరి సాయంత్రం?"

"పెద్దనాయన, వంట అక్క, బర్క్."

"రెండు పూటలా మేమేనా? ఇంగెవరూ లేరా?"

"లేరు."

ఆయన సముద్రం వైపు చూస్తూ అడిగాడు. "మరి పొద్దుటి నడక ఎవరు సూసి రాసినారు పాపా?"

చేపలు తోముతున్న అక్క చెయ్యి ఆగింది.  అర్థమైంది, అర్థం కాకూడదనీ అనిపించింది. డైరీ మూసేశాను.

ఆ సాయంత్రం నన్ను ట్యూషను మాన్పించి, ఇసుక మీద బోర్లించిన పడవ వెనక కూర్చోమన్నాడు. గాలి సముద్రం మీద నుంచి నా వైపు వీస్తోంది కాబట్టి వాడికి నా వాసన తగలదట. చూస్తూ కూర్చున్నాను. తడి ఇసుక మీద బర్క్ నాలుగు కాళ్లూ మోపి, తోక ఊపుతూ, ఏ బాధా లేనట్టు వెళ్తున్నాడు. వాడి వెనక నాలుగేసి అచ్చులు సమానంగా పడుతున్నాయి. పెద్దనాయన చెయ్యెత్తాడు. నేను లేచి బయటకు వచ్చాను. బర్క్ నన్ను చూశాడు. ఎడమకాలు గాల్లోకి లేచింది.

అక్కడే కూలబడి ఏడ్చాను. నేను జాలిపడి ముక్కలు తెచ్చి పెడితే, వాడు నాతో అబద్ధమాడాడని.

పెద్దనాయన నా పక్కన ఇసుకలో కూర్చున్నాడు. "వాడు అబద్ధం ఆడలేదు పాపా. కాలెత్తితే ముక్క వస్తాదని నువ్వు నేర్పినావు, వాడు నేర్సుకున్యాడు. తెలివి గల నా కొడుకు. లేకుంటే ఇంత తొందరగా యాడ వస్తాది?"

"ఇంక ఎప్పుడూ పెట్టను," అన్నాను.

"పెట్టొద్దని నేను అన్లేదే! పెట్టు. నాలుగు కాళ్లూ నేల మింద ఉన్నప్పుడు పెట్టు."

నాకంటే ముందే ఆయనకు సంగతి తెలుసని ఆరోజు తోచలేదు. చాలా ఏళ్ల తర్వాత తోచింది. మొదటిరోజే చెప్పి ఉంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. కార్జం ఇవ్వొద్దని అక్కకు చెప్పి ఉంటే వాళ్లిద్దరి మీద పగ పెంచుకునేదాన్ని. నా చేతికి పెన్సిలిచ్చి, నా రాతతోనే నాకు చెప్పించాడు.

ఆ రాత్రే ఎర్ర సిరా పెన్నుతో ఏడు ఉదయాల్లోనూ 'నేను' అని చేర్చాను. ఆ తర్వాత వారం రోజులు పడిన కష్టం మాత్రం ఎక్కడా రాయలేదు. కాలెత్తి ఎదురుగా నిలబడి చూసే కుక్కను చూస్తూ, గుప్పిట్లో ముక్క పట్టుకుని, కదలకుండా ఉండటం అంత తేలిక కాదు. మొదటిరోజు వాడు నా వంక చూసి చూసి విసిగి పడుకున్నాడు. మూడోరోజు కాలు దించాడు. దించిన మరుక్షణం ముక్క వాడి నోట్లో ఉంది.

గడువు గురువారం సాయంత్రంతో తీరింది. అక్క నన్ను పక్కకు పిలిచి, "నువ్వు ఈ పూటకి రామాకమ్మా. నిన్ను చూసి మళ్లీ ఎత్తేడంటే గొలుసే," అంది. నాకూ అదే మంచిదనిపించింది. పెద్దనాయన ఒప్పుకోలేదు. "శిబిరంలో పిలకాయలుంటారు. వాళ్లను సూసి ఎత్తడా? నువ్వుండంగా నడిస్తేనే నడిచినట్ల," అన్నాడు.

గోడను ఆనుకుని నిలబడ్డాను. బాబా మేజోడు విసిరి, "యల్లా" అన్నాడు. బర్క్ నడిచాడు. నా ముందుకొచ్చేసరికి ఆగాడు. నా జేబు వంక చూశాడు. ఎడమకాలు కొంచెం లేచింది.  నేను చెయ్యి జేబులోకి పోనివ్వలేదు. అక్క కళ్లు మూసుకుంది. కాలు దిగింది. వాడు నన్ను దాటి వెళ్లి, మేజోడు పట్టుకుని, నాలుగు కాళ్ల మీద తిరిగొచ్చి బాబా చేతిలో పెట్టాడు. బాబా వాడి చెవి నిమిరాడు. మర్నాడు ఎడారి శిబిరానికి బయలుదేరమన్నాడు.

నేను సబ్హాన్‌లోనే ఒక గోదాములో స్టోర్‌కీపరుగా చేరి, అక్కడే రిటైరై, ఇప్పుడు ఫింటాస్ పక్కనే ఎగైలాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. సరుకు తేడా వచ్చిన ప్రతిసారీ ఆ పూట నేనున్నానా అని ముందు చూసుకునేదాన్ని. మా అమ్మాయికి చిన్నప్పుడు బడికెళ్లే వేళ కడుపునొప్పి వస్తే, అప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారో వరసగా రాసి చూసుకున్నాను. నా పేరు ప్రతి పూటా ఉంది. నేటికీ రోజూ డైరీలో తేదీ తర్వాత రాసే మొదటి మాట 'నేను'. ఆ మాట రాశాకే మిగతావాళ్ల గురించి రాసే ధైర్యం వస్తుంది.

బర్క్ శిబిరానికి బయలుదేరిన ఉదయం రాసింది చిన్నదే. పికప్ గేటు దగ్గర ఆగింది. ఒకసారి దూకి కాలు విరగ్గొట్టుకున్నవాడు కాబట్టి పెద్దనాయన వాడిని ఎత్తి ఎక్కించాలని వంగాడు. నేను ఒక్క నిమిషం ఆగమన్నాను. బర్క్ నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నాలుగు కాళ్లూ ఇసుక మీద ఉన్నాయి. జేబులో ఉన్నవన్నీ పెట్టేశాను. బండి మలుపు తిరిగేదాకా కాఫీ రంగు చెవులు కనబడ్డాయి. లోపలికొచ్చి పెన్సిలు తీశాను.

శుక్రవారం ఉదయం. వెనక గేటు. ఉన్నవాళ్లు: నేను, పెద్దనాయన, బాబా, వంట అక్క, బర్క్. కుంటలేదు.