తన పేరుకు తానే గారు

ఈ గల్ఫ్ దేశంలో, తుబ్లీ అనే పేటలో మా గది కింద ఇస్త్రీ దుకాణం ఉంది. తడి దుప్పటి మీద వేడి పెట్టె పడినప్పుడల్లా ఆవిరి లేస్తుంది. ఆ వాసనకు ఆగ్నెస్ గుర్తొస్తుంది. ఆమె వెనకే ఆనాటి భయమూ వస్తుంది.

ఆగ్నెస్‌ది కెన్యా. ఇక్కడికి దగ్గర్లో, జుఫైర్‌లో ఒక హోటల్ లాండ్రీలో ఇద్దరం దుప్పట్లు మడతపెట్టేవాళ్లం. ఆమె దేశం ఆడపిల్లలు ఇంకొందరు ఉండేవారు. వాళ్లను పేరుపెట్టి పిలిచినవాడు లేడు. అందరికీ ఒకటే పిలుపు, కాలీ. నల్లది అని. దుప్పటి చెరో కొసా పట్టుకున్నాక ఆగ్నెస్ ఆ పిల్లలకు తమవాళ్ల కథ ఏదో ఒకటి చెప్పేది. ఎక్కువగా తన నాయనమ్మది. ఊరందరికీ పురుళ్లు పోసిన మనిషి, తెల్లదొర కారుకు దారి ఇవ్వని మనిషి. నాకు మాత్రం వచ్చీరాని హిందీలో చెప్పేది: "వెనకాల పొడుగు మనిషి లేకపోతే, ఎదురొచ్చినవాడల్లా పొడుగ్గానే కనిపిస్తాడు, సత్తెమ్మా."

ఓసారి అడిగింది. "సూపర్‌వైజర్ పేరు చివర ఏదో అంటావే, ఏంటది?"

"గారు. పెద్దవాళ్లకి అంటాం."

"నీకెవరంటారు?"

"నాకెవరంటారే, పిచ్చిమొహమా!"

ఆ రోజు నుంచి నేను సత్తెమ్మ గారినయ్యాను. నాయనమ్మకూ, ఆ పిల్లలకూ కూడా తగిలించింది. తన పేరుకు తాను పెట్టుకోకూడదని చెప్పడం నాకు తోచలేదు. ఎవరికి తోస్తుంది?

ఒక మధ్యాహ్నం హోటల్లో దిగినవాళ్ల ఉంగరం పోయింది. సూపర్‌వైజర్ మా కోస్తావాడే. మా పాస్‌పోర్టులన్నీ ఆయన బీరువాలో ఉండేవి. నల్లపిల్లలను మాత్రమే గోడవారగా నిలబెట్టి, "ఏయ్ కాలీ, బ్యాగు దులుపు" అన్నాడు ఆగ్నెస్‌ని.

ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "ఆగ్నెస్ గారు. అందరి బ్యాగులూ చూడండి, అప్పుడు నాదీ చూడండి."

ఆయన పగలబడి నవ్వాడు. "తన పేరుకి తనే గారంట!" అంతలోనే మొహం మాడింది. తెలుగులో అరిచాడు. "ఎవత్తే దీనికి ఈ మాట నేర్పింది?"

ఆగ్నెస్ నా వైపు చూడలేదు. చూస్తే నేను దొరికిపోతానని. నాకూ భయమే. ఊళ్లో మా ఇల్లంతా నా చేతుల మీదే తింటోంది.

"నేనేనండి బాబూ. ఇదిగోండి, ముందు నా బ్యాగు చూడండి."

ఎవరి దగ్గరా ఏమీ దొరకలేదు. అయినా ఆ వారంలోనే ఆగ్నెస్‌కి ఖలాస్ అని చెప్పి, పనిలోంచి తీసి పంపేశారు. నన్ను ఉంచారు, తెలుగుదాన్ననేమో. వ్యాను కదులుతుంటే, నోరెత్తని ఆ పిల్లలంతా "ఆగ్నెస్ గారూ!" అని అరిచారు. చెప్పుకోవడానికి వాళ్లకు బతికున్న పేరు ఒకటి దొరికింది.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పినావిడ నా పేరు రాయమంటే సత్తెమ్మ గారు అని రాశాను. "మనకి మనం పెట్టుకోకూడదు పిన్నీ" అని నవ్వింది. నేను చెరపలేదు. ఇవాళ్టికీ వెనకనుంచి ఎవరైనా "ఏయ్" అంటే కాళ్లు వణుకుతాయి. వణుకుతూనే వెనక్కి తిరిగి నా పేరు చెబుతాను. మొత్తం పేరు.