తేదీ లేని రాజీనామాలు

"...తేదీ వెయ్యకుండా రాజీనామా మీద సంతకం ఏంటంకుల్? రేపు నేను పోతే, పదవి వదిలేశాకే పోయాడని రాసుకుంటారా?"

సింగపూర్ యూ టీలో మా బ్లాకు కింద, వాయిడ్ డెక్ అనే గోడల్లేని ఖాళీ అంతస్తులో రాతి బల్ల చుట్టూ తెలుగు సమితి కూర్చుని ఉంది. అడిగింది మహీధర్. ఈసారి అధ్యక్ష పదవికి పోటీ చేస్తానని వారం కిందటే అన్నాడు.

"పోయే మాటలెందుకయ్యా. ఇది క్రమశిక్షణ," అన్నారు పరంధామయ్య.

ఆయన ముప్పై ఏళ్ళ కిందట తణుకు నుంచి షిప్‌యార్డులో వెల్డరుగా వచ్చారు. రిటైరయ్యేనాటికి చేతికి దొరికింది మా సమితి. పదకొండేళ్ళుగా ఆయనే అధ్యక్షుడు. ఉగాది బ్యానరు మీద ఆయన ఫొటో వినాయకుడి కన్నా జానెడు పెద్దది. మైకులో మొదటి మాట, పులిహోరలో మొదటి గరిటె, ఏ కాగితం మీదైనా మొదటి సంతకం ఆయనదే.

రాజీనామాల ఉపాయం మాత్రం సొంతం కాదు. ఆయన ఇంట్లో అద్దెకుండే నిఖిల కరీబియన్ చరిత్ర మీద పరిశోధన చేస్తోంది. ఒక సాయంత్రం టీ తాగుతూ నియంత ట్రుహీయో గురించి చెప్పింది. టెలిగ్రాఫ్ గుమాస్తాగా మొదలై డొమినికన్ రిపబ్లిక్‌ను ముప్పై ఒక్క ఏళ్ళు ఏలాడు. రాజధానికి తన పేరే పెట్టుకున్నాడు. వేలమందిని చంపించాడు. పదవులిచ్చిన వాళ్ళతో తేదీ లేని రాజీనామాలు ముందే రాయించుకున్నాడు.

"చివరికేమయ్యాడమ్మా?"

"కారులో వెళ్తుంటే కాల్చేశారంకుల్."

"ముప్పై ఒక్క ఏళ్ళు," అన్నారాయన మెచ్చుకోలుగా.

"ముందు నేనే పెడుతున్నా, చూడండి," అని ఆ రోజు బల్ల దగ్గర తన రాజీనామా మీద సంతకం చేశారు. అలవాటు మరి. తర్వాత మిగతా నలుగురూ చేశారు, చివర్లో మహీధర్. కాగితాలన్నీ సంతకాల వరసలోనే, మొదటిది పైన ఉండేలా, కార్యదర్శి నాగమల్లేశ్వరి ఫైలులోకి వెళ్ళాయి. పదకొండేళ్ళుగా మినిట్స్ రాసేది ఆవిడే. మీరేమంటారని ఆవిడను ఒక్క సమావేశంలోనూ ఎవరూ అడగలేదు.

ఎన్నికకు ముందు ఆదివారం మళ్ళీ అందరం కూర్చున్నాం.

"ఫైలు తియ్యమ్మా," అన్నారు పరంధామయ్య, మహీధర్ వైపు చూస్తూ. "ఇవాళ్టి తేదీ వేసి చదువు."

ఆవిడ ఫైలు తెరిచారు. అన్నిటికన్నా పైనున్న కాగితం తీసి, తేదీ వేసి, బల్ల మీద అందరికీ కనిపించేలా పెట్టారు.

"ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి," అన్నారావిడ.

నాలుగు చేతులు లేచాయి. అందులో ఒకటి మహీధర్‌ది.

"అధ్యక్షులు పరంధామయ్య గారి రాజీనామాను సమితి ఈ రోజు నుంచి అమల్లోకి వచ్చేలా ఆమోదించింది," అని నాగమల్లేశ్వరి చదివారు.