మూడు పాస్‌పోర్ట్‌లతో సరిహద్దు దాకా

గురువారం ఉదయం 5:20కి డాలస్ పక్కన కాపెల్‌లో ఇంటి నుంచి బయల్దేరాను. మా ఆవిడ లావణ్య పులిహోర డబ్బా, నా వీసా కాగితాలు ఒకే సంచిలో పెట్టి, "అక్కడ జోకులెయ్యకు. వాళ్లకి నవ్వే డిపార్ట్‌మెంట్ వేరే ఉంటుంది" అంది.

పని చిన్నదే. టెక్సాస్ దక్షిణపు అంచున ఒక డిటెన్షన్ సెంటర్‌లో నిజామాబాద్ వైపు అమ్మాయి సుజాత ఉంది. ఏజెంట్ చూపించిన దారిలో ఆరేళ్ల కూతురు హాసినితో మెక్సికో వైపు నుంచి నది దాటి దొరికిపోయింది. సుజాత పాస్‌పోర్ట్ పెళ్లికి ముందుది, అందులో పుట్టింటి ఇంటిపేరు ఉంది. పిల్ల పాస్‌పోర్ట్‌లో తండ్రి ఇంటిపేరు. రెండూ కలవలేదని డెస్క్ ఆఫీసర్ ఫారంలో 'బంధుత్వం లేదు' దగ్గర టిక్ పెట్టాడు. దాంతో హాసిని ఒంటరిగా వచ్చిన పిల్ల అయిపోయింది. వేరే రాష్ట్రంలో పిల్లల షెల్టర్‌కి పంపేశారు. పంతొమ్మిది రోజులైంది.

ఊరి నుంచి సుజాత తమ్ముడు పంపిన పుట్టిన సర్టిఫికెట్ తెలుగులో ఉంది. దాన్ని ఆ ఆఫీసర్ ముందు ఇంగ్లీష్‌లో చదివి సంతకం పెట్టే మనిషి కావాలని సుజాత లాయర్ టెరీసా మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో అడిగించింది. అందరూ దండం పెట్టే బొమ్మలు పెట్టారు. నేను 'ఓకే' అని పెట్టాను.

7:05 ఫ్లైట్, గంటన్నర. 9:30కి బస్సు, ఇంకో గంట. పక్క సీట్లో ఒక పెద్దావిడ, ఒళ్లో రొట్టెల సంచి. ఆ బస్సులో అందరూ డిటెన్షన్ సెంటర్‌కే, ఎక్కడికని ఎవరూ అడగరు.

"ఎవరి కోసం?" అంది.

"ఒక తల్లి కోసం. మీరు?"

"మనవడు. లోపల బెల్ట్ తీయిస్తారు, ప్యాంట్ జాగ్రత్త."

వెళ్లేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను పట్టించుకోలేదు. అమెరికా ప్రభుత్వం ముందు ఒక చేత్తో ప్యాంట్, ఒక చేత్తో ఫైల్ పట్టుకుని నిలబడ్డాను.

11:00. ఆ టిక్ పెట్టిన ఆఫీసర్ రామిరెజ్‌కి నలభై ఏళ్లుంటాయి. లేచి నాకు కుర్చీ చూపించాడు. సుజాతని తీసుకొచ్చి టెరీసా పక్కన కూర్చోబెట్టారు. సర్టిఫికెట్ చదివాను.

"తల్లి పేరు సుజాత. లాస్ట్ నేమ్ ఏది?" అన్నాడు.

"రాయలేదు."

"ఎందుకు?"

"మా పంచాయతీ ఆఫీస్‌లో ఆవిడ ఎవరో అందరికీ తెలుసు."

టెరీసా తెమ్మన్న మా మూడు పాస్‌పోర్ట్‌లు టేబుల్ మీద పరిచాను. నాది మా ఇంటిపేరు, లావణ్యది వాళ్ల పుట్టింటిది, మా అబ్బాయికి నా సొంత పేరే లాస్ట్ నేమ్. "మీ ఫారం ప్రకారం, ముగ్గురు పరాయివాళ్లం ఒకే ఫ్రిజ్ వాడుతున్నాం" అన్నాను.

ఆయన నవ్వలేదు. పాస్‌పోర్ట్‌లు ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"మా అమ్మ ఇంటిపేరు, నాది కూడా ఒకటి కాదు" అన్నాడు. "స్పానిష్ పేర్ల మీద మాకు ట్రైనింగ్ ఇచ్చారు. మీ పేర్ల మీద ఇవ్వలేదు. పేర్లు కలవకపోతే స్క్రీన్ ముందుకి కదలదు."

సుజాత నా వైపు తిరిగింది. "అన్నా, గీ సారే. పిల్ల నా చున్నీ ఇడుస్తలేదని చేతి ఏళ్లు ఒక్కొక్కటి ఇడిపిచ్చిండు. గట్టిగ గుంజలేదు. మెల్లగనే ఇడిపిచ్చిండు."

"ఏమంటోంది?" అన్నాడు రామిరెజ్.

టెరీసా టేబుల్ వైపు చూస్తోంది. నేను మొత్తం చెప్పాను, 'మెల్లగానే' అన్నది కూడా.

"నాకు గుర్తులేదు" అన్నాడు, ఆమెతో కాదు, నాతో. అబద్ధం చెప్తున్నట్టు లేదు. అదే నాకు మింగుడుపడలేదు.

12:40కి సవరణ ఫారం మీద సంతకం పెట్టాడు. బంధుత్వం: తల్లి. పిల్లని తీసుకొచ్చే ఆర్డర్ పైవాళ్ల నుంచి రావాలట. "వచ్చే వారం రావొచ్చు" అన్నాడు. ఆ 'రావొచ్చు'ని సుజాతకి తెలుగులో ఎలా చెప్పినా 'వస్తుంది' అనే విన్నది.

3:45 ఫ్లైట్‌లో పులిహోర తిన్నాను. అక్కడ దుర్మార్గుడెవరైనా కనిపించి ఉంటే ఇది రాయడం తేలికయ్యేది. లేచి కుర్చీ చూపించే మనిషి కనిపించాడు. రేపు పొద్దున కూడా ఆయన అదే డెస్క్ దగ్గర కూర్చుంటాడు.

5:50. డాలస్‌లో దిగి కార్‌లో కూర్చునేసరికి టెరీసా ఫోన్. తల్లీకూతుళ్లు మాట్లాడుకోవచ్చని షెల్టర్ ఒప్పుకుంది. కానీ ప్రతి మాటా అక్కడి ఉద్యోగినికి ఇంగ్లీష్‌లో చెప్పాలట. నన్నూ లైన్‌లో కలిపారు.

సుజాత పిలిచింది. మళ్లీ పిలిచింది. మూడోసారికి పిల్ల గొంతు వచ్చింది.

"అమ్మా, నేను నా పేరు తప్పు చెప్పిన్నా?"

"లేదు బిడ్డా. మంచిగనే చెప్పినవ్."

"ఏమన్నారు?" అని అడిగింది ఉద్యోగిని. పిల్ల అడిగిందీ, తల్లి చెప్పిందీ, రెండూ ఇంగ్లీష్‌లో చెప్పాను.