కరివేపాకు కారంలో కలిసిన నాచు

మా తాత కృపారావు జగ్గయ్యపేటలో ఒక డాక్టరమ్మ దగ్గర కట్లు కట్టేవాడు. చదివింది ఐదో తరగతి. డాక్టరమ్మ మాటే ఆయనకు ఆరో తరగతి. నేను ఏడుతో ఆపినదాన్ని, నవ్వకూడదు గానీ నవ్వొస్తుంది.

అరవై నాలుగులో అమ్మ నన్ను కని మంచం పట్టింది. ఒంట్లో రక్తం లేదు, నాకు చాలినన్ని పాలు లేవు. అమ్మమ్మ దేవమణి మాత్రం బాలింత పథ్యమంటూ పాతబియ్యం అన్నం, కరివేపాకు కారం తప్ప మరొకటి పెట్టేది కాదు. డాక్టరమ్మ తనకు జపాను నుంచి వచ్చిన చిన్న డబ్బా తాతకిచ్చింది. ఎండబెట్టిన నీటి నాచు పొడి. పప్పులో ఉన్న బలం ఇందులోనూ ఉంది, రోజూ ఒక చెంచా అన్నంలో కలిపి పెట్టమంది.

"గేదెల తొట్టి గీకితే వచ్చేదేగా," అంది అమ్మమ్మ. "నీళ్లలో పుట్టింది చలవ. తల్లి తింటే బిడ్డకి పడిశం పడుతుంది."

ఆమె నీళ్లకు వెళ్లగానే తాత డబ్బా మొత్తం కారం జాడీలో గుమ్మరించి కలిపేశాడు. పచ్చలో పచ్చ కలిసిపోయింది.

కానీ కారానికి కొత్త రుచి వచ్చింది. పక్కింటి పుల్లమ్మ కాస్త నోట్లో వేసుకుని, "ఎండు రొయ్యలు దంచావా వదినా?" అంది.

"లేదమ్మా, చేతి గుణం," అంది అమ్మమ్మ, పొంగిపోతూ. అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ గిన్నెలతో పంచింది. వద్దంటే గుట్టు బయటపడుతుందని తాత పోయిన గిన్నెలు లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిదో రోజుకి జాడీ ఖాళీ. అమ్మ లేచి కూర్చోలేకపోతోంది.

"నువ్వు పంచింది మన అమ్మాయికి పట్టాల్సిన రక్తం, దేవమణీ," అని తాత అంతా చెప్పేశాడు.

అమ్మమ్మ గరిటెతో జాడీ అడుగు గీకి వాసన చూసింది. "తొమ్మిది రోజులు అమ్మాయి తిన్నదా?"

"తిన్నది."

"బిడ్డకి పడిశం పట్టలేదే."

"పట్టలేదు."

ఇద్దరూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి ఇంకో డబ్బా అడిగారు. ఒక్కటే వచ్చిందట. "ఆ బలం కందిపప్పులో ఉంది, గుడ్డులో ఉంది. రక్తానికి మునగాకు పెట్టు," అంది డాక్టరమ్మ. "పెడతావా, దేవమణీ?"

ఆ మధ్యాహ్నం అమ్మ కంచంలో మునగాకు పప్పు, ఉడికించిన గుడ్డు పడ్డాయి. అమ్మమ్మ పొద్దు వాలేదాకా నా ముక్కు వైపే చూస్తూ కూర్చుంది.

నేను తుమ్మలేదు. మర్నాడు రెండు గుడ్లు పెట్టింది.