తేదీ లేని సెలవు ఫారం

మీకొక వీరగాథ చెబుతాను. అందులో అడవి, సింహాసనం మీద ఒక క్రూరుడు, అతని ముందు తల వంచని యువతి ఉంటారు. నిజానికి సింహాసనం కాలు విరిగిన కుర్చీ, క్రూరుడు మా కాలేజీ గుమాస్తా, యుద్ధం ఒక సెలవు ఫారం మీద.

సికింద్రాబాద్‌లోని మా కాలేజీలో, మన్యం నుంచి వచ్చిన కొత్త విద్యార్థులకు ఒక్కొక్క సీనియర్‌ను తోడు పెట్టేవారు. భద్రాచలం అవతలి కోయగూడెం అమ్మాయికి నన్ను పెట్టారు, ఇంకెవరూ దొరకలేదు కాబట్టి. సిటీ బస్సు ఎక్కడం నేర్పాను, లైబ్రరీ కార్డు ఇప్పించాను. మెస్‌లో ఆమె పక్కకు తోసేసిన చిక్కుడుకాయ కూర తింటూ, అదీ సేవే అనుకున్నాను. నాలుగోసారి తింటుంటే చెప్పింది: ఊళ్ళో చిక్కుడు పండుగ జరిగి, కొత్త కాయలు దేవతకు పెట్టేదాకా వాళ్ళు ముట్టరట. పండుగకు ఇంటికి వెళ్ళాలట.

కానీ మొదటి నెలంతా ఇంటి మీద బెంగతో క్లాసులు ఎగ్గొట్టింది. అనుమతి లేకుండా ఇంకో మూడు రోజులు మానితే పరీక్ష రాయనివ్వరు. ఏడాది పోతుంది. అనుమతి కావాలంటే ఫారంలో తేదీ వేయాలి. పండుగ ఎప్పుడో ఊరి పెద్దలు కూర్చుని చెప్పాలి. వాళ్ళింకా కూర్చోలేదు.

"ఏందమ్మా, గిట్ల ఖాళీ వదిలిపెడ్తే నేనేం రాసుకోవాలె?" అన్నాడు ఆఫీసు కిటికీ అవతలి నుంచి గుమాస్తా.

"ఏదో ఒకటి రాసెయ్," అని ఆమె చెవిలో గొణిగాను.

"పెద్దలు చెప్పని తేదీ నేనెట్లా రాస్తానక్కా?"

"తేదీ లేకుంటే ఫారం తీస్కోను. మస్తు పనుంది నాకు," అంటూ అతను కిటికీ తలుపు మీద చెయ్యి వేశాడు.

ఆమె కలం బల్ల మీద పెట్టింది. "అయితే ఇంటికి పోతానక్కా. మళ్ళీ రాను."

ఏడవలేదు, అరవలేదు. అరిచి ఉంటే నేనేదో జోకు వేసేదాన్ని. ఎటు చూడాలో తెలియక గోడ వైపు చూశాను. అక్కడ సెలవుల జాబితా వేలాడుతోంది. రంజాన్ పక్కన చిన్న అక్షరాల్లో: 'నెలవంకను బట్టి మారవచ్చు.'

"సార్, మరి దీనికి తేదీ ఏది?"

అతను వెనక్కి తిరిగి చదివాడు. "అది చంద్రుడమ్మా. వీళ్ళ పెద్దలు చంద్రుళ్ళా?"

"చంద్రుణ్ణి మీరు ఫారం అడగలేదు కదా సార్."

అతను కిటికీ తలుపు మీంచి చెయ్యి తీసి, కలం ఆమె వైపు తోశాడు. "రాయి. పెద్దల నిర్ణయాన్ని బట్టి, మూడు రోజులు. ప్రిన్సిపాల్ మేడం ఏమన్న అంటే నాకు తెల్వదు."

మేడం ఏమీ అనలేదు, సంతకం పెట్టింది. అమ్మాయి కబురు రాగానే వెళ్ళింది, నాలుగో రోజు క్లాసులో ఉంది. ఆ మధ్యాహ్నం తన చిక్కుడుకాయ కూర తనే తినేసింది.

మీకూ అలాంటి సెలవు కావాలంటే, ఆ ఫారం రెండు ప్రతులివ్వాలి. జిరాక్స్ తీసుకోరు.