పాల గరాటు

ఆ వీధిలో ఆమెను అందరూ బస్సు కోడలు అంటారు. అత్తగారేమో పాలమ్మి సంసారం ఈదిన మనిషి. ఆవిడ పాల గరాటును ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. కాపురానికి వచ్చిన కొత్తలో కోడలు దాంతో మజ్జిగ వంచి, కడగకుండా పెట్టేసి బిందెడు పాలు విరగ్గొట్టింది. ఆ కథ ఇప్పటికీ ఇంటికొచ్చిన చుట్టాలందరికీ కాఫీతోపాటు అందుతూనే ఉంటుంది.

ఆమె నడిపే బడిపిల్లల బస్సు కొత్తది. డీజిల్ ఒక్కటే చాలదు, పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం కూడా పొయ్యాలి. ఆ ద్రవం పోసే నీలం మూత ట్యాంకు అడుగంటిందా, ఒకసారి ఆపిన ఇంజను మళ్లీ లేవదు. పాత డ్రైవరు హెచ్చరిక దీపాన్ని లెక్కచేయక పిల్లలతో సహా నడిరోడ్డున నిలబడిపోయాడు, ఉద్యోగం ఊడింది. ఆ చోట్లోకి ఈమెను నెల రోజుల పరీక్షమీద తీసుకున్నారు. ఆ నెలలో ఒక్కసారి బండి ఆగినా ఇంటికే.

నెల ఆఖరి రోజు పొద్దున, ఇంటిముందు బస్సు తియ్యబోతే హెచ్చరిక దీపం వెలిగింది. ముందురోజే పొయ్యాల్సింది, వానలో మూత తీయడం ఇష్టంలేక ఊరుకుంది మరి. ద్రవం డబ్బా తెచ్చి, అది పోసే తన గరాటు అందుకుంటే గుప్పున ఇంజనాయిల్ వాసన.

"స్కూటరుకి పోశాను," అన్నాడు భర్త నీళ్లు నములుతూ. "తుడిచి పోసెయ్. ఒక్క చుక్కకి ఏమవుతుంది?"

"ఆ ఒక్క చుక్కే చాలు, లోపలంతా పాడవుతుంది." ఉద్యోగం చేజారుతోందని ఆమెకు ఏడుపొచ్చింది.

గుమ్మంలో పాలు కొలుస్తున్న అత్తగారు తలెత్తింది.

"ఒక్క చుక్కకి ఏమవుతుందా? నా కడుపున పుట్టి అడగాల్సిన మాటేనట్రా అది?" అంటూ లోపలికెళ్లి, తళతళలాడే స్టీలు గరాటు తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. "కడిగి ఆరబెట్టిందే. కానియ్."

"అత్తయ్యా, మళ్లీ ఇది పాలకి పనికిరాదు."

"బజార్లో గరాట్లకి కరువా? ముందు నీ బండి సంగతి చూడు."

ద్రవం చుక్క ఒలకకుండా దిగింది. దీపం ఆరింది. బస్సు బడిగంటకన్నా ముందే చేరింది. సాయంత్రం మేనేజరు ఉద్యోగం ఖాయమన్నాడు. ఏనుగెక్కినంత సంబరంతో ఆమె వీధి పొడుగునా హారను మోగిస్తూ వచ్చింది.

ఆ గరాటు ఇప్పుడు శుభ్రమైన గుడ్డలో, వంటింటి పై అరలో ఉంటుంది. ఒకసారి కొడుకు అటు చెయ్యి చాపాడు. అత్తగారు ఆ చేతిమీద ఒక్కటిచ్చింది.

"అది నా కోడలిది. ముట్టుకున్నావంటే ఊరుకోను."